పదహారు తాళ్ళ జడ

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి కనపడిన ప్రతివాళ్ళూ "కంగారూను చూశావా?" అని అడుగుతున్నారు. చూశాను. కారు గుద్దితే రోడ్డు పక్కన చచ్చిపడి ఉంది. బతికున్నదాన్ని చూడలేదు, చూడాలని వెళ్ళనూ లేదు. నేను వెళ్ళింది కోలాటం నేర్పడానికి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చీరాల దగ్గరి పల్లెలో ముప్పై ఏళ్ళు డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. కోలాటం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అందులోనూ జడ కోలాటమంటే నాకు ప్రాణం. నడిమధ్య ఒక గుంజ, దాని నెత్తి నుంచి పదహారు తాళ్ళు. ఎనిమిది మంది ఒకవైపుకీ, ఎనిమిది మంది ఎదురువైపుకీ తిరుగుతూ, కర్రలు తాటిస్తూ, ఒకరి తాడు ఒకరు దాటుకుంటూ పోతే గుంజకు జడ పడుతుంది. మళ్ళీ వెనక్కి ఆడి దాన్ని విప్పాలి. వేయడం ఎవరైనా వేస్తారు, విప్పడంలోనే ఉంది విద్యంతా.

మా ఊళ్ళో ఆరేళ్ళుగా ఆ జడ పడలేదు. ఎన్నికలకు ఊరు రెండుగా చీలింది. పండగ పందిళ్ళు రెండయ్యాయి. నా జట్టు ఎనిమిదీ ఎనిమిదిగా విడిపోయి చెరో పందిట్లో కూర్చుంది. ఓట్లు వేసీ వేసీ నాయకుల మీద నాకు ఆశ ఎప్పుడో చచ్చింది. జడ మీద మాత్రం చావలేదు. ఏ దేశంలోనైనా సరే, ఇంకొక్కసారి పదహారు తాళ్ళూ పడి, ఒక్క ముడి లేకుండా విడడం కళ్ళారా చూడాలి. నా దగ్గర చదువుకున్న వాసంతి సిడ్నీ నుంచి ఫోన్ చేసి, "ఉగాదికి మాకు జడ కోలాటం నేర్పరా టీచర్?" అన్నప్పుడు అందుకే పాస్‌పోర్టుకు పరిగెత్తాను.

సిడ్నీలో దిగగానే

చెక్క వస్తువు తెస్తే చెప్పి తీరాలి ఆ దేశంలో. నా పెట్టెలో నలభై కోలాటం కర్రలున్నాయి. చెప్పాను. యూనిఫారం వేసుకున్న ఆఫీసరమ్మాయి ఒక్కో కర్రనూ తిప్పి తిప్పి పురుగు తొలిచిన కంతల కోసం వెతికింది. వీటితో ఏం చేస్తారని అడిగింది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, చేతులు మాత్రం బాగానే పనిచేస్తాయి. రెండు కర్రలు ఆమెకిచ్చి, రెండు నేను పట్టుకుని, తాటించి చూపించాను. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు గాని ఇంకోసారి కొట్టించుకుని మరీ వదిలింది.

కెల్లీవిల్

వాసంతి ఉండేది సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో. ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. సాయంత్రం నాలుగింటికి వీధిలో పిట్ట మనిషి కనపడడు. మన దగ్గరైతే ఆ వేళకి అరుగు మీద కూర్చుని పదిమందిని పలకరించి ఉంటాం. ఇక్కడ పలకరించాలంటే ముందు మెసేజ్ పెట్టాలి. వాసంతి సివిల్ ఇంజనీరు. వెనక వీధిలో ఉండే మాధవి పళ్ళ డాక్టరు, వాసంతికి ప్రాణస్నేహితురాలు. వీళ్ళిద్దరూ కలిసి చెరో ఏడుగురిని పోగేసి నాకు పదహారు మందిని ఇచ్చారు. ఎవరికీ నేను టీచర్ని కాను, గురువుగారినీ కాను. అందరికీ "ఆంటీ"నే. నలభై ఎనిమిదేళ్ళ మగమనిషి నన్ను ఆంటీ అంటే మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైపోయింది.

గుంజ కోసం శనివారం పొద్దున్నే హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళాం. దుకాణం బయట ఒక బడి పిల్లల తల్లిదండ్రులు పొయ్యి పెట్టి, రొట్టెముక్కలో సాసేజి, వేయించిన ఉల్లిపాయలు పెట్టి అమ్ముతున్నారు. ఆ డబ్బు బడికి పోతుందట. శనివారం నేను మాంసం ముట్టనన్నాను. ఉత్త ఉల్లిపాయలు పెట్టి ఇచ్చారు. రేటు మాత్రం సాసేజి రొట్టెకున్నదే. బడి కోసం కదా అని నోరు మూసుకుని తిన్నాను, బాగుంది. అక్కడే ఒక ఇనుప గొట్టం, ఎండ గొడుగు నిలబెట్టే దిమ్మ కొన్నాం. మా గుంజ తయారైంది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. జడ కోలాటంలో రెండు వరుసలుంటాయి. పై వరుసవాళ్ళు ఎదురొచ్చే మొదటి మనిషి తల మీదుగా తాడు తీసుకుపోతారు. కింది వరుసవాళ్ళు మొదట తల వంచి ఆ తాడు కింద దూరతారు. అక్కణ్ణుంచి ఒకసారి పైన, ఒకసారి కింద. మొదటి అడుగు ఎటు పడిందో అదే ఒంటికి పట్టేస్తుంది, మార్చుకోవడం కష్టం. మా ఊళ్ళో నా పద్ధతి ఒకటుంది. ఒక పార్టీవాళ్ళందరినీ పై వరుసలో, రెండో పార్టీవాళ్ళందరినీ కింది వరుసలో పెట్టేదాన్ని. కర్ర తగలాలంటే ఎదుటివాడి మొహం చూడక తప్పదు, ఆ గంటసేపైనా చూసుకుంటారని నా ఆశ.

కెల్లీవిల్‌లో రెండో రోజే పసిగట్టాను, ఇక్కడా రెండు పార్టీలున్నాయని. సముద్రాలు దాటొచ్చినా వాట్సాప్‌లో మన రాష్ట్రమే, మన తిట్లే. అలవాటు కొద్దీ వాసంతి వైపువాళ్ళని పై వరుసలో, మాధవి వైపువాళ్ళని కింది వరుసలో పెట్టాను. వాసంతికి మాధవే ఉద్ది, అంటే కర్రకు కర్ర ఇచ్చే జత. ఆరు వారాల్లో జడ సగం దాకా పడింది, సగం దాకా విడింది. నా అంత తెలివైనది లేదనుకున్నాను.

ఒక ఫ్లెక్సీ

మెల్‌బోర్న్‌లో, గుడి ఉన్న కేరమ్ డౌన్స్ అనే పేటలో ఉగాది కార్యక్రమం. మా జట్టును ఆడమన్నారు. పది రోజులుందనగా వాసంతి మొగుడు రవి, స్టేజీ మీద పట్టుకోవడానికి ఒక ఫ్లెక్సీ చేయించుకొచ్చాడు. జట్టు పేరు, పూర్ణకుంభం, మూలన మాత్రం వాళ్ళ నాయకుడి ఫొటో నవ్వుతూ ఉంది.

మాధవి చూసింది. "రవీ, కోలాటానికి ఈయనెందుకు?" అంది.

"జస్ట్ ఎ స్మాల్ ఫొటో మాధవీ. రాష్ట్రానికి అంత చేశాడు, థాంక్స్ చెప్పొద్దా?"

"అయితే మా ఆయన ఫొటో కూడా వెయ్యి. మేమూ థాంక్స్ చెప్పుకుంటాం."

మా ఆయనంటే వాళ్ళ నాయకుడు. సరే, ఇద్దరినీ వేద్దామన్నారు. ఎవరు కుడివైపు? ఎవరి తల పెద్దది? ఇంజనీర్లు, డాక్టర్లు, యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ప్రొఫెసరు, అందరూ కలిసి ఫోన్‌లో ఆ రెండు తలకాయలను వేళ్ళతో సాగదీసి కొలుస్తూ కూర్చున్నారు. వాసంతి కూతురు పదిహేనేళ్ళది, హోంవర్క్ నుంచి తలెత్తి, "అమ్మా, నైదర్ ఆఫ్ దెమ్ ఈజ్ అవర్ ప్రైమ్ మినిస్టర్. వై ఆర్ దే ఆన్ అవర్ పోస్టర్?" అంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, అందరూ కలిసి ఆ పిల్ల మీద పడ్డారు.

ఫొటోలే వద్దని నేను అరిచాను. ఎవరు వింటారు? తెల్లారేసరికి మాధవి జట్టు ఎనిమిది మందీ గ్రూపులోంచి వెళ్ళిపోయారు. మా ఊళ్ళో పందిరి చీలడానికి ఒక ఎన్నిక పట్టింది. ఇక్కడ ఒక్క రాత్రి చాలింది.

మిగిలిన ఎనిమిది మందీ పై వరుసే. ఒక్కరికీ కింది వరుస రాదు. నా పద్ధతి నా మెడకే చుట్టుకుంది. సరే, ఎనిమిది తాళ్ళతోనైనా చిన్న జడ వేద్దామని నలుగురిని కింది వరుసలోకి మార్చాను. ఒకళ్ళ తల ఇంకొకళ్ళ గడ్డానికి తగిలింది. తాళ్ళు జడ పడలేదు, చిక్కు పడ్డాయి.

"క్యాన్సిల్ చేద్దాం ఆంటీ. పరువు పోతుంది," అన్నాడు రవి.

"పరువు ఫ్లెక్సీ తెచ్చిన రోజే పోయింది. ఇంకేం మిగిలిందని?" అన్నాను. "శుక్రవారం బయలుదేరుతున్నాం. గుంజ కారు మీద కట్టు."

గోల్బర్న్

సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు కారులో దాదాపు పది గంటలు. రెండు కార్లు, ఎనిమిది మంది, నేను, కారు నెత్తిన గుంజ. దారిలో గోల్బర్న్ అనే ఊళ్ళో టీకి ఆగాం. అక్కడ మూడంతస్తుల మేడంత గొర్రె బొమ్మ నిలబెట్టుకున్నారు. ఉన్ని వల్ల బాగుపడ్డ ఊరట, కృతజ్ఞత. నాయకుడికి బదులు గొర్రెకు విగ్రహం పెట్టుకున్నారంటే, నాకు ఆ ఊరి మీద గౌరవం కలిగింది. పైకి అనేశాను కూడా. కారులో ఒక్కరూ నవ్వలేదు.

టీ కొట్టులో పక్క బల్ల దగ్గర గొర్రెల రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. కారు మీద గుంజ ఏంటని అడిగాడు. వాసంతి చెప్పింది. మా జట్టు సగం ఎందుకు లేదో కూడా చెప్పింది, ఆ పిల్ల కడుపులో మాట దాగదు. ఆయన పేపరు మడిచి, ఇక్కడా అంతే, నలభై ఏళ్ళుగా ఓటు వేస్తున్నాను, ఎవడొచ్చినా ఒకటే అన్నాడు. మరి ఎందుకు వేస్తున్నారని అడిగించాను. వేయకపోతే జరిమానా అన్నాడు. తర్వాత తను ప్రతి మంగళవారం ఊరి బ్యాండులో బాకా ఊదుతానని, దానికి మాత్రం జరిమానా లేకపోయినా ఇరవై ఏళ్ళుగా మానలేదని చెప్పాడు. ఆ మాట మావాళ్ళకు ఎక్కిందో లేదో గాని నేను పట్టుకున్నాను. తర్వాత ఏడు గంటలూ కారులో నేనే పాట, నేనే తాళం.

కేరమ్ డౌన్స్

శనివారం పొద్దున గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని, దగ్గర్లోని పార్కులో గుంజ నిలబెట్టాం. మళ్ళీ నలుగురూ నలుగురూ. మళ్ళీ చిక్కు. బెంచీ మీద ఒక ముసలావిడ కూర్చుని మమ్మల్నే చూస్తోంది. పూల గౌను, మెడలో నల్లపూసలు, మోకాలికి పట్టీ. మూడోసారి తాళ్ళు ముడిపడేసరికి ఫక్కున నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎందుకు నవ్వుతున్నారు?" అని తెలుగులోనే అడిగాను, అర్థం కాదులెమ్మని.

"ఆ నలుగురికీ తల వంచేదానికి మనసు లేదు సెల్లీ," అంది, తెలుగులోనే. "వంచేది ముందుగాల. వీళ్ళు ఆలోచించి వంచుతున్నారు. టూ లేట్."

ఆమె పేరు అప్పలమ్మ. డెబ్బై నాలుగేళ్ళు. పుట్టింది ఫిజీలో. తాత విజయనగరం నుంచి చెరకు తోటల కూలికి ఓడెక్కి పోయాడట. ఆమె తెలుగులో హిందీ, ఇంగ్లీషు కలిసి ఉన్నాయి, కొన్ని మాటలు మా అమ్మమ్మ అన్నట్టే ఉన్నాయి. ఎనభై ఏడులో మిలిటరీ వచ్చి ప్రభుత్వాన్ని తీసేశాక, పిల్లలతో ఇక్కడికి వచ్చి, వృద్ధాశ్రమంలో వంట చేసి బతికింది.

"మీకు జడ కోలాటం వచ్చా?" అన్నాను.

"మా ఊర్ల పదహారు మందిమి ఆడేవాళ్ళం. ఆ గడబిడ అయినంక ఒక పండగకి పదకొండు మంది. మళ్ళా పండగకి ఆరుగురు. వీసా వచ్చినోళ్ళు చెప్పకుండా పోయినారు, చెప్తే ఏడుపని. ఎవరు ఉంటారో, ఎవరు పోతారో తెలవదు గదా. అందుకని అందరికీ రెండు లైన్లూ నేర్పినాము. ఎవరు పోయినా ఆట ఆగకూడదు."

నేను బెంచీ మీద కూలబడ్డాను. నలభై ఏళ్ళుగా నేర్పుతున్నాను, ఈ ముక్క నాకెందుకు తట్టలేదు? మనుషులు కలిసే ఉంటారనే ధీమాతో నేర్పాను నేను. విడిపోతారని తెలిసి నేర్పింది ఈమె. సిగ్గేసింది, ఆ సిగ్గులోనే ఎక్కడలేని పట్టుదలా వచ్చింది.

"రేపు మాతో ఆడతారా?" అన్నాను.

అప్పలమ్మ ఫోన్ తీసింది. మధ్యాహ్నానికల్లా కూతుళ్ళు, కోడళ్ళు, ఒక అల్లుడు, మొత్తం ఏడుగురు దిగారు. ఎనిమిదో మనిషి తనే. వచ్చేటప్పుడు ఉడికించి తాలింపు పెట్టిన కర్రపెండలం, చేమాకు కూర, రొట్టెలు డబ్బాల్లో తెచ్చారు. చేమాకును కొబ్బరిపాలలో వండారు. మా వైపు చేమాకు మొహం ఎవరూ చూడరు, నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. ఆమె పాడే పాట తెలుగే, కాకపోతే నోళ్ళల్లో నలిగి సగం మాటలు అరిగిపోయాయి. వాళ్ళలో ఎవరికీ దాని అర్థం తెలియదు. తాళం మాత్రం ఒక్క చోట కూడా తప్పలేదు. సాయంత్రానికి పదహారు తాళ్ళూ గుంజకు జడ పడ్డాయి.

ఉగాది నాడు

అక్కడ ఉగాదికి ఆకులు రాలతాయి. చలికాలం ముందు వచ్చే పండగ. వేపపువ్వు ఎండబెట్టింది పొట్లంలో దొరుకుతుంది. మామిడికాయ ఫ్రీజర్లోది. పచ్చడి మాత్రం ఆరు రుచులూ సరిగ్గానే పలికింది.

కార్యక్రమం మొదట్లో, ఆ నేల అసలు హక్కుదారులైన ఆదివాసుల్లో ఒక పెద్దావిడ వచ్చి, పచ్చి ఆకులు కాల్చి పొగ వేసి, మమ్మల్ని తమ నేల మీదికి ఆహ్వానించింది. అది అక్కడి మర్యాద. మన దగ్గర మంత్రిగారి కోసం మూడు గంటలు ఎదురుచూడడం మర్యాద. ఆమె పొడిమాటల్లో చెప్పింది: "కొన్నేళ్ళ కిందట దేశమంతా ఓటు వేసి, రాజ్యాంగంలో మా మాటకు చోటు వద్దన్నది. ఆ మర్నాడు కూడా నన్ను ఒక బడిలో స్వాగతం చెప్పమన్నారు. వెళ్ళాను. స్వాగతం చెప్పడం మా పని." వాసంతి ఆ మాటలు నా చెవిలో తెలుగు చేసి చెప్పింది.

తర్వాత మా ఆట. ఫ్లెక్సీ లేదు. పై వరుసలో కెల్లీవిల్, కింది వరుసలో ఫిజీ. నేను గుంజ పక్కన నిలబడి పాట అందుకున్నాను. అప్పలమ్మ పట్టీ కట్టిన మోకాలితో మొదటి వంపు వంగింది చూడండి, హాల్లో ఉన్నవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. జడ గుంజ నెత్తి నుంచి నడుము దాకా దిగింది. ఈల ఊదాను. వెనక్కి తిరిగారు. ఒక్కో మడతా విడుతోంది. చివరి మడత దగ్గర రవి అడుగు తడబడింది, అప్పలమ్మ కర్రతో అతని చెయ్యి మీద చిన్న దెబ్బ వేసి దారిలో పెట్టింది. పదహారు తాళ్ళూ విడివడి గాలిలో తేలాయి. ఏడ్చాను. ఆరేళ్ళ ఏడుపు, దాచుకోలేదు.

భోజనాల దగ్గర నా అనుమానం అప్పలమ్మ ముందు పెట్టాను. "అక్కా, అందరికీ రెండు వరుసలూ వచ్చేస్తే ఇక ఒకళ్ళతో ఒకళ్ళకి అవసరం ఏముంటుంది? ఇంకా తొందరగా విడిపోరూ?"

ఆమె పులిహోర కలుపుతూ, "మాకు ఫిజీ అవసరమే సెల్లీ. ఫిజీకి మా అవసరం లేదన్నారు," అంది. "అవసరాన్ని నమ్ముకోవద్దు. నేర్పేసెయ్."

మళ్ళీ కెల్లీవిల్

నా విమానం ఆ పై ఆదివారం మధ్యాహ్నం. బుధవారం మాధవి ఫోన్ చేసింది. వీడియో చూసిందట. ఫిజీవాళ్ళు తన వరుసలో ఆడడం చూసి రెండు రాత్రులు నిద్ర పట్టలేదట.

"ఆంటీ, మీరు వెళ్ళేలోపు మాకు పై వరుస నేర్పుతారా? మేము సెపరేట్‌గా ప్రోగ్రామ్ పెట్టుకుంటున్నాం."

"ఆదివారం పొద్దున ఏడింటికి పార్కుకు రండి. నేర్పుతాను," అన్నాను. వాసంతి కింది వరుస నేర్పమని అప్పటికే నన్ను తినేస్తోంది. ఆమెకూ ఆదివారం ఏడింటికే రమ్మన్నాను. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు. ముప్పై ఏళ్ళు డ్రిల్లు టీచర్ని, ఆ మాత్రం టైంటేబుల్ వేయడం రాదా?

ఆదివారం పార్కులో ఒకరినొకరు చూసి రెండు గుంపులూ కార్ల వైపు తిరిగాయి. ఈల ఊదాను. బళ్ళో ఊదినట్టు ఊదాను. అందరూ ఆగిపోయారు.

"నా విమానానికి ఐదు గంటలుంది. నేర్చుకుంటే నేర్చుకోండి, లేకపోతే పోండి. మాధవి జట్టు పై వరుస. వాసంతి జట్టు కింది వరుస. తాళ్ళు పట్టుకోండి."

పట్టుకున్నారు. వచ్చిన వరుస వదిలేసి రాని వరుసలో పడ్డారు కదా, మూడో చుట్టుకే పదహారు తాళ్ళూ పీటముడి పడ్డాయి. కత్తెర తెస్తానని రవి కారు దగ్గరికి నడవబోయాడు. తాడు వదిలితే కాళ్ళు విరగ్గొడతానన్నాను. ముడి ఎవరు వేశారో వాళ్ళే విప్పాలి, తాడు చేతిలో ఉండగానే విప్పాలి. మా అమ్మ పెట్టిన నియమం అది.

అలాగే నిలబడ్డారు. పావుగంట గడిచింది. వాసంతి మెడ మీదుగా మాధవి తాడు బిగుసుకుని ఉంది.

"నీ తాడు పైకెత్తు," అంది వాసంతి, నేల చూస్తూ.

"నువ్వు ముందు వంగితే కదా ఎత్తేది," అంది మాధవి.

"వంగాను కదా. ఇంకెంత వంగాలి?"

"ఇంకొంచెం. మెడ పట్టేస్తుంది, మెల్లగా. ఆగు, నీ జుట్టు చిక్కుకుంది."

అవతలివైపు ప్రొఫెసరుగారు రవికి చెబుతున్నాడు, రవి వినకుండా ఇంకోవైపు లాగుతున్నాడు, నలుగురు కలిసి రవిని తిడుతున్నారు. నేను ఎయిర్‌పోర్టుకు బయలుదేరే టైమైంది. వాసంతి కూతురు నా కోసం టాక్సీ పిలిచింది. తాళ్ళు వదిలి నన్ను సాగనంపడానికి రాబోయారు గాని, వద్దని దూరం నుంచే చెయ్యి ఊపి ఎక్కాను. కారు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. ముడి ఇంకా విడలేదు. తాడు మాత్రం ఒక్కరూ వదల్లేదు.